గురమ్మ ఇవ్వలేని రక్తం

2014 నవంబరు. శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రి రక్తనిధిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళని పరీక్షించడం, తీసిన రక్తం రోగి రక్తంతో కలుస్తుందో లేదో చూడటం నా పని. ఇలా చూడటాన్నే మేం క్రాస్ మ్యాచ్ అంటాం. బయటివాళ్ళకి అంతగా తెలియని పని ఇంకొకటి ఉంది. వచ్చినవాళ్ళలో కొందరికి 'మీరు ఇవ్వకూడదు' అని చెప్పి పంపేయడం. దాన్ని డిఫరల్ అంటాం. ఆ మాట చెప్పేస్తే అక్కడితో నా బాధ్యత తీరిపోయిందనే అప్పటిదాకా అనుకునేదాన్ని.

ఆ రోజు పొద్దున్నే ప్రసవాల వార్డు నుంచి కబురొచ్చింది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి పార్వతి అనే అమ్మాయిని తీసుకొచ్చారు. తొలి కాన్పు, ఎనిమిదో నెల. మాయ పైన ఉండాల్సింది కింద ఏర్పడి, గర్భసంచి ముఖద్వారానికి అడ్డుపడింది. ప్లాసెంటా ప్రీవియా అంటారు. రక్తం ఆగకుండా పోతోంది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. అసలే ఆ పిల్ల ఒంట్లో రక్తం తక్కువ. బి పాజిటివ్ బ్యాగులు మూడైనా కావాలని డాక్టరుగారు చెప్పించారు. మా ఫ్రిజ్‌లో ఆ గ్రూపుది ఒక్కటే ఉంది. క్రాస్ మ్యాచ్ చేసి దాన్ని పంపించేశాను. మిగతా రెండూ ఎక్కణ్ణుంచి తేవాలో తోచలేదు.

అంతలో ఒక ఆటో నిండా ఆడవాళ్ళు దిగారు. ముందు నడుస్తున్నది పార్వతి తల్లి గురమ్మ. యాభై ఏళ్ళుంటాయి. చేపల గంప మోసి మోసి మెడ గట్టిపడిన మనిషి. వెనక ఆమె కోడలు, ఇరుగుపొరుగువాళ్ళు.

"మగవాళ్ళెవరూ రాలేదా?" అని అడిగాను.

"ఉంటే రారేటమ్మా? నా పెనిమిటి, అల్లుడు, కొడుకు, అందరూ గుజరాత్ బోట్ల మీదకెల్పోనారు. ఎండలు ముదిరితే గాని రారు. ఊళ్ళో ముసలోళ్ళు, మేమే ఉన్నాం. మా రత్తమే తీసుకో."

రక్తం తీసేముందు వేలి మీద పొడిచి ఒక చుక్కని నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేస్తాం. రక్తంలో హిమోగ్లోబిన్ తగినంత ఉంటే చుక్క మునుగుతుంది. లేకపోతే పైనే తేలుతుంది. ముందుగా గురమ్మే చెయ్యి చాపింది. ఆమె చుక్క కాస్త దిగినట్టే దిగి, మళ్ళీ పైకొచ్చి నిలిచిపోయింది.

"తేలిందమ్మా. నువ్వు ఇవ్వకూడదు" అన్నాను.

ఆమె ఆ సీసా వైపే చూస్తూ, "సముద్రంలో తేలినోడే బతుకుతాడు గదమ్మా. ఇక్కడ తేలితే పనికిరాదా?" అంది.

కోడలు బరువు చూస్తే నలభై కిలోలు దాటలేదు. నలభై అయిదైనా ఉండాలి. పక్కింటామె చంకలో పాలు తాగే బిడ్డ. పాలిచ్చే తల్లి దగ్గర రక్తం తీసుకోం. ఇంకొకామెకి కిందటి నెలే మలేరియా వచ్చి తగ్గింది. మూడు నెలలు ఆగాలి. మిగతావాళ్ళ చుక్కలూ ఒక్కొక్కటే తేలిపోయాయి. వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా పనికిరాలేదు.

గురమ్మ మళ్ళీ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"గంప నెత్తినెట్టుకొని ఊళ్ళు తిరుగుతాను. జొరమొచ్చినా పడుకోను. నా ఒంట్లో రత్తం లేదంతావేటి? దాన్ని కన్నది నాను. నా రత్తం దానికి పడదా?"

"పడకపోవడం కాదమ్మా, పలచగా ఉంది. తీస్తే నువ్వు పడిపోతావు. ఆ పలచటి రక్తం ఎక్కించినా నీ కూతురికి కావలసినంత బలం రాదు."

"నానేటైపోయినా పరవానేదు. ఒక్క సీసా తియ్యి."

తియ్యలేనన్నాను. ఆమె ఏడవలేదు. "మరి నువ్వియ్యలేవా?" అని మాత్రం అడిగింది. నాదీ ఆ గ్రూపే. కానీ కిందటి నెలే ఇచ్చాను. మళ్ళీ ఇవ్వాలంటే మూడు నెలల ఎడం ఉండాలి. ఆ సంగతి చెబితే తల ఊపింది గాని, నమ్మిందో లేదో తెలియదు.

నాకు తెలిసిన దాతలకి ఫోన్లు మొదలుపెట్టాను. ఒకాయన్ని కుక్క కరిచిందట, టీకా వేయించుకుంటున్నాడు. ఏడాదిదాకా కుదరదు. ఇంకొకాయన పెళ్ళికని ఒడిశా వెళ్ళాడు. ఆమదాలవలస వైపు సింహాచలం అనే రైతు దొరికాడు. కోతల్లో ఉన్నానన్నాడు. సంగతి చెప్పగానే, "వస్తన్నాను మేడమ్" అని పెట్టేశాడు. మరో బ్యాగు కోసం విజయనగరంలోని రక్తనిధికి ఫోన్ చేస్తే, ఉంది, పంపిస్తామన్నారు.

సింహాచలం కాళ్ళకి పొలం మట్టితోనే వచ్చాడు. అతని చుక్క నిమిషమైనా ఆలోచించకుండా అడుక్కి దిగింది. మంచం మీద పడుకోబెట్టి సూది గుచ్చితే, గురమ్మ వచ్చి అతని పాదాలు పట్టుకుంది.

"అప్పా, లెగు లెగు" అని అక్కని పిలిచినట్టు పిలుస్తూ అతను కాళ్ళు ముడుచుకోబోయాడు. "మా ఆడోళ్ళకైనా ఇలాటి అవసరం వస్తాది గదా."

తీసిన రక్తాన్ని వెంటనే ఎక్కించకూడదు. అందులో కామెర్ల క్రిములో, హెచ్‌ఐవీయో లేవని తేల్చుకోవాలి. ఆ పరీక్షలు జరుగుతున్నంతసేపూ గురమ్మ గుమ్మం పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. మొదటి బ్యాగు ఎక్కిస్తూ అప్పటికే ఆపరేషన్ మొదలుపెట్టారు. సింహాచలం ఇచ్చింది రెండోది. విజయనగరం నుంచి వచ్చింది మూడోది.

పార్వతి బతికింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లాడు. మర్నాడు గురమ్మ ఆ మాట నాకు తానే వచ్చి చెప్పింది. కుర్చీ జరిపి కూర్చోమన్నాను. కూర్చుంటూనే, "మా అందరికీ రత్తం నేదన్నావు గదా. అదెలగొస్తాది, సెప్పు" అని అడిగింది.

అంతకుముందు వెనక్కి పంపిన మనిషెవరూ నన్ను ఆ మాట అడగలేదు. అడగలేదని నేనూ చెప్పలేదు. ఆ రోజు ఆమెని, ఆమె వెంట ఉన్న కోడల్ని ఓపీకి తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాను. నులిపురుగుల మందు, ఐరన్ మాత్రలు రాశారు. మాత్ర వేసుకున్న పూట టీ మానమని, ఆకుకూరలు, రాగులు తినమని, అందరికీ పెట్టాక మిగిలింది తినే అలవాటు మానుకోమని చెప్పాను. చివరి మాటకి కోడలు అత్త ముఖం వైపు చూసింది. గురమ్మ తల దించుకుంది.

తర్వాత వేసవిలో చేపల వేట నిషేధం రోజులకి బోట్ల మీది మగవాళ్ళు ఇళ్ళకి చేరారు. గురమ్మ తన పెనిమిటినీ, కొడుకునీ, అల్లుణ్ణీ తీసుకొచ్చింది. ఆ ముగ్గురూ రక్తం ఇచ్చారు. సూది చూసి కొడుకు మొహం పక్కకి తిప్పుకుంటే, "తుపానులో బోటు మీదుంతావు, దీనికి బెదురుతావేట్రా" అంది. అప్పటి నుంచి ఏటా ఆ రోజుల్లో పల్లె నుంచి ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చేది. తను మాత్రం ఎప్పుడూ ఇవ్వలేకపోయింది. రక్తం కొంత పట్టింది గాని, తర్వాత బీపీ, సుగర్ వచ్చి ఇన్సులిన్ పడింది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఇవ్వకూడదు.

2017లో పార్వతి రెండో కాన్పుకి అదే ఆస్పత్రికి వచ్చింది. హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. తొలిసారి ఆపరేషన్ కనక ఈసారీ ఆపరేషనే. ముందుజాగ్రత్తగా ఒక బ్యాగు క్రాస్ మ్యాచ్ చేసి ఉంచాం. దాని అవసరం రాలేదు. ఆడపిల్ల పుట్టింది. ఆ బ్యాగుని మరొకరికి కేటాయించాం.

ఆ సాయంత్రం గురమ్మ మా గదికి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"రోజూ నా సేత్తోనే మాత్రేసి, మింగేదాకా ఎదురుగుండా కూకున్నాను. నా కన్నా ముందు దానికే ఒడ్డించాను" అంది. "నా రత్తం నువ్వు తియ్యనేదు. అందుకే దాని రత్తం నాను సూసుకున్నాను."

ఇప్పటికీ నేను రోజూ కొందరిని వెనక్కి పంపుతూనే ఉన్నాను. కానీ ఇవ్వలేరని చెప్పి ఊరుకోను. లేచి వాళ్ళతో పాటు ఓపీ దాకా నడుస్తాను.