పట్నంలో గేట్ల పండగ

వినోదాల పార్కు ప్రకటన పేపర్లో కనిపిస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. నీళ్ళలో జారే పిల్లలు, పళ్ళన్నీ కనిపించేలా నవ్వే అమ్మానాన్నలు, టోపీ పెట్టుకుని చెయ్యూపే ఎలుగుబంటి. ఎవరమ్మా మీరంతా, ఏ ఊరు మీది, అని అడగబుద్ధేస్తుంది. పేజీ తిప్పేస్తాను. మా ఆయన మాత్రం తిప్పడు. కాసేపు ఆ బొమ్మ వంకే చూసి, పేపరు మడిచి పక్కన పెట్టేస్తాడు. అది ఇంకా మంట.

ఇద్దరం టీచర్లం. హుకుంపేట వైపు కొండ ఊరు మాది. పుట్టిందీ అక్కడే, ఉద్యోగమూ ఆ దగ్గర్లోనే. అప్పటికి ఊళ్ళో కరెంటు ఉంది, టీవీలు రెండో మూడో ఉన్నాయి, సెల్‌ఫోన్లు ఇంకా కొండెక్కలేదు. పాపకి ఐదో ఏడు.

మా ఆయన స్కూలు హెడ్మాస్టరు విశాఖపట్నం మనిషి. ఆయన భార్య సెలవులకి కొడుకుని తీసుకుని క్వార్టర్సుకి వచ్చేది. ఒకసారి ఆ పిల్లాడు ఒక ఫోటో తెచ్చాడు. నీలం రంగు గొట్టంలోంచి జారి నీళ్ళలో పడుతున్నాడు. మా పాప ఆ ఫోటో పట్టుకుని వదల్లేదు. ఇలా తిప్పి చూసింది, అలా తిప్పి చూసింది.

"మీరు అక్కడికి రాలేరు. అది పెద్ద ఊళ్ళో ఉంటుంది," అన్నాడు వాడు. ఏడేళ్ళ వెధవ. వాడికి ఆ మాట ఎవరు నేర్పారో నాకు తెలుసు.

పాప ఇంటికి వచ్చి నన్నడిగింది. "అమ్మా, మనం ఎందుకు ఎల్లలేం?"

ఆ ప్రశ్న మా ఆయనకి ముల్లులా దిగింది. మేమిద్దరం హాస్టళ్ళలో పెరిగినవాళ్ళం. కంచం పట్టుకుని వరసలో నిలబడ్డాం, మా మాట వినగానే వెక్కిరించేవాళ్ళ మధ్య నోరు కుట్టేసుకుని చదివాం. ఆ తల వంచుకోవడం మాతోనే ఆగిపోవాలి, పాప ఎక్కడ నిలబడినా తలెత్తుకుని నిలబడాలి, మా ఇద్దరికీ ఉన్న కోరికల్లా అదొక్కటే. "వేసవి సెలవుల్లో ఎల్దాం. ఆడు జారిన చోటే నువ్వూ జారుదువు," అన్నాడాయన.

అక్కడ్నుంచి మొదలైంది సన్నాహం. పెళ్ళికైనా అంత చెయ్యలేదు. పేపర్లో ప్రకటన కత్తిరించి గోడకి అంటించాడు. సంత రోజున ఎస్టీడీ బూత్‌కి పోయి పార్కుకి ఫోన్ చేశాడు. అవతల ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో గడగడా చదివిందట. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే. మూడోసారి తెలుగులో ఎవరో విసుక్కుంటూ చెప్పారు, నీళ్ళలోకి నైలాను బట్టలే వేసుకోవాలని. తిండి సంగతి వాళ్ళూ చెప్పలేదు, ఈయనకీ అడగాలని తోచలేదు.

హెడ్మాస్టరు భార్య సలహాలైతే అడక్కుండానే ఇచ్చింది. "పాపకి మంచి గౌను కొనండమ్మా. తలకి అంతంత నూనె పెట్టకండి. అక్కడికి కాస్త బాగా ఉండేవాళ్ళు వస్తారు కదా." అలాగేనండీ అన్నాను. పళ్ళు నూరుకుంటూనే సంతలో గులాబీ రంగు గౌను కొన్నాను. నూనె మాత్రం తగ్గించలేదు. నా పిల్ల తల, నా ఇష్టం.

మా అత్తకి ఇదంతా వింతగా ఉండేది. పాపని పక్కలో వేసుకుని పడుకునేది ఆవిడే. కొండపోడు తప్ప వేరే లోకం ఎరగని మనిషి, నోటికి మాత్రం తిరుగులేదు.

"నీళ్ళలో జారడానికి పట్నం దాకా ఎల్లాలేటి? మన గెడ్డలో నీరు సచ్చిపోనాదా? రాతి మీంచి జారితే టికెట్టడిగినోడు లేడు," అనేది.

"నీకు తెలీదులే అమ్మా," అనేవాడు మా ఆయన.

ఈలోగా చైత్రం వచ్చింది, ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకు పోతారు. ఆ రోజుల్లో ఊరూ దారీ ఆడవాళ్ళవి. రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని, పాటలు పాడుతూ వచ్చిన ప్రతి బండినీ ఆపుతాం. పజోరు, అంటే పండగ పైకం, ఇస్తేనే బొంగు లేస్తుంది. అందుకే దీన్ని గేట్ల పండగ అని కూడా అంటాం. ఆఫీసరు జీపైనా కాంట్రాక్టరు లారీ అయినా ఆగాల్సిందే. ఇవ్వనని మొరాయించేవాడి కోసం బిందెలో పేడనీళ్ళు సిద్ధంగా ఉంటాయి. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మొగుడికీ అవే పేడనీళ్ళు. ఏడాది పొడుగునా మా దారిన దుమ్ము లేపుకుంటూ పోయేవాళ్ళు, ఆ పండగలో మా ఆడవాళ్ళ ముందు ఆగి, నవ్వి, ఇచ్చి పోవాలి. మా అత్త బొంగు పట్టుకుని నిలబడిందంటే ఆ దర్జా చూసి తీరాలి!

ఆ ఏడు మొదటిసారి పాప చేతికి బొంగు చివర ఇచ్చారు. ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి ఎవరో పెద్ద ఆఫీసరు దిగి, దీని ముందు అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టి, అరచేతిలో రూపాయి బిళ్ళ పెట్టాడు. మంచి మనిషి. పాప బొంగు ఎత్తి "పొండి!" అంది. ఇక చూడండి, ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి అదే మాట. "నేను జీపు ఆపినాను! నేను జీపు ఆపినాను!"

పండగ అయ్యాక ఒక సాయంత్రం గోడ మీది బొమ్మ ముందు నిలబడి వాళ్ళ నాన్ననడిగింది.

"నాన్నా, నోపలికి ఎలాగెల్తాం?"

"గేటు దగ్గర ఆపుతారమ్మా. టికెట్టిస్తే గేటు తిప్పి వదుల్తారు."

"అక్కడా గేట్ల పండగేనా?"

మా ఆయన పగలబడి నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. "అవునమ్మా. ఆళ్ళకి రోజూ గేట్ల పండగే," అన్నాడాయన.

అత్త నోరు తెరిచింది. "రోజూనా! ఓలమ్మో, ఏటదృష్టమే ఆళ్ళది!"

సెలవులిచ్చారు. అరకులో రైలెక్కాం. అత్త రాలేదు, సీసా నిండా చోడంబలి, అదే రాగి జావ, ఉడికించిన పెండలం దుంపల మూటా మాత్రం పంపించింది. గుహలోకి రైలు దూరిన ప్రతిసారీ పాప గొంతు చించుకుని అరిచింది. పెట్టెలో వాళ్ళంతా దానితో కలిసి అరిచారు. ఆ రోజు నేనెంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. విశాఖపట్నంలో లాడ్జిలో పడుకుని, పొద్దున్నే గులాబీ గౌను వేసి, రెండు జడలు వేసి, పార్కుకి బయల్దేరదీశాం.

టికెట్లు కొన్నాం. లోపలికి వెళ్ళే ముందు ఒక బల్ల దగ్గర సంచులు వెతుకుతున్నారు. అక్కడి సెక్యూరిటీవాడు అంబలి సీసా మూత తీసి వాసన చూసి మొహం చిట్లించాడు.

"ఏంటిది? కల్లా?"

"చోడంబలి. పాపకి," అన్నాడు మా ఆయన.

"బయటి తిండి రానివ్వం. పారబోసి రండి."

ఈయన ఫోన్లో ఎవరూ చెప్పలేదని మొదలుపెట్టాడు. నేను పెండలం మూట వాడి చేతిలోంచి లాక్కున్నాను. ఆ గొడవలో పాప నా కొంగు వదిలి ఎటు పోయిందో చూడలేదు.

పాట వినిపించింది. మా పాట. తల తిప్పి చూశాను.

లోపలికి పోయే దారిలో తిరిగే ఇనుప కడ్డీలున్నాయి. మా పాప ఒక కడ్డీని రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, అచ్చం వాళ్ళ నానమ్మలా నిలబడి పాడుతోంది. "పజోరియ్యండో, దారిత్తామో, బేగి ఇయ్యండో!" వరసలో ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. ముందున్న ఒకావిడ నల్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని "అయ్యో పాపం" అని పర్సు తీసింది. చెయ్యి తగలకుండా పైనుంచి పాప అరచేతిలో రూపాయి బిళ్ళ జారవిడిచింది. పాప దర్జాగా కడ్డీ వదిలి "పొండి!" అంది. దాని మొహం వెలిగిపోతోంది. ఇంత పెద్ద ఊరి గేటు తనకిచ్చారని దాని సంబరం.

ఇంతలో ఇంకో సెక్యూరిటీవాడు పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్ పిల్లా! ఇక్కడ అడుక్కోకూడదు! ఎవరే నిన్ను రానిచ్చింది?"

రెక్క పట్టుకుని లాగాడు. ఇది కడ్డీ వదల్లేదు. ఇవ్వకుండా పోదామనుకునే డ్రైవరనుకుంది వాణ్ణి. మెడ వెనక్కి తిప్పి, ఆ పట్నం జనంలో ఎవర్ని వెతుక్కుందో, బలమంతా తీసి కేకపెట్టింది. "నానమ్మో! పేడనీళ్ళు తే!"

వరసంతా గొల్లున నవ్వింది. వాడు ఒక్క గుంజు గుంజాడు. పాప కింద పడింది.

నేనెలా అక్కడికి చేరానో తెలీదు. "దాని మీద చెయ్యి వేశావంటే నరికేస్తాను! నా కూతురది! టికెట్లు కొని వచ్చాం!" అని అరిచాను. వాడు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. ముక్కుకి రెండు వైపులా నా ముక్కుపుడకలు, జారుడు ముడి, భుజాన పెండలం మూట.

"మీ పిల్లయితే అడుక్కోడానికెందుకు పంపావు?" అన్నాడు.

టై కట్టుకున్న మేనేజరు వచ్చాడు. మా ఆయన జేబులోంచి ఐడెంటిటీ కార్డు తీసి చూపించాడు. మేనేజరు చదివి, గొంతు మార్చి, "సారీ మాస్టారూ. చూస్తే తెలియలేదు," అన్నాడు.

"ఏం చూస్తే? ఏం తెలియలేదు?" అన్నాను. మా ఆయన నా మణికట్టు నొక్కాడు. "ఊరుకోవే. పాప కోసం వచ్చాం. పాపని చూడు."

చూశాను. గౌను మోచేతి దగ్గర చిరిగింది. బిళ్ళ ఇంకా గుప్పిట్లోనే ఉంది. ఏడవలేదు.

లోపలికి వెళ్ళాం. వెళ్ళకుండా తిరిగొచ్చేస్తే ఆ హెడ్మాస్టరు కొడుకు మాటే నిజమవుతుందని మా ఆయన పట్టుదల. తిరిగే గుర్రాలు, గాల్లో లేచే పడవ, ఆ నీలం గొట్టం, అన్నీ ఎక్కించాం. ప్రతి వరసలోనూ నా చెయ్యి పట్టుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, మనం ఇక్కడ నిలబడొచ్చా?" నిలబడొచ్చమ్మా అన్నాను. నిలబడొచ్చు తల్లీ అన్నాను. సాయంత్రం దాకా అదే మాట చెప్పాను. గొట్టంలోంచి జారి నీళ్ళలో పడ్డప్పుడు మా ఆయన చప్పట్లు కొట్టాడు. పాప కళ్ళు తుడుచుకుని, ఎవరైనా కోప్పడతారేమోనని ముందు గట్టున నిలబడ్డ సెక్యూరిటీవాడి మొహం చూసింది.

మర్నాడు తిరుగు రైలు. కిటికీ పక్కన కూచుని అడిగింది.

"అమ్మా, అడుక్కోవడం అంటే ఏటి?"

మా ఊళ్ళో ఆ పని చేసే మనిషిని అది ఎన్నడూ చూడలేదు. లేనివాడొస్తే ఎవరింట్లోనైనా కూచుని తింటాడు, లేచి పోతాడు. ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను. మాకు పదాలకి అర్థాలు చెప్పే ఉద్యోగం కదా, ఇద్దరికీ!

నేను చెప్పనక్కర్లేకపోయింది. రైలు కదలక ముందే మా పెట్టెలోకి దీని ఈడు పిల్లే ఒకత్తి ఎక్కింది. పొట్ట మీద కొట్టుకుంటూ ఏదో పాట పాడుతూ, ఒక్కొక్కరి ముందూ చెయ్యి చాపుతూ వచ్చింది. మా ముందు ఆగింది. పాప ఆ పిల్ల చేతిని చూసింది. తన చేతిని చూసుకుంది. గుప్పిట్లో దాచుకున్న ఆ రూపాయి తీసి ఆ పిల్లకిచ్చేసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచుంది. ఇక ఏమీ అడగలేదు. కొండెక్కేదాకా ఒక్క గుహలోనూ అరవలేదు. మిగతా పిల్లలు అరుస్తూనే ఉన్నారు.

హెడ్మాస్టరు భార్య కనిపించినప్పుడు "ఎంజాయ్ చేశారా?" అంది. బ్రహ్మాండంగా అన్నాను. ఏడ్చినట్టుంది అంటే ఆవిడకి పండగ.

పిల్లలు మర్చిపోతారులే అనుకున్నాం. మళ్ళీ బడి తెరిచారు, వానలొచ్చాయి, పాప ఎప్పటిలా ఆడింది, అల్లరి చేసింది, రెండో పాఠం మూడో పాఠం గడగడా చదివింది. మర్చిపోయిందనే అనుకున్నాం.

మళ్ళీ చైత్రం వచ్చింది. మగవాళ్ళు అడవికి పోయారు. ఆడవాళ్ళు రోడ్డెక్కారు. అత్త బొంగు భుజాన వేసుకొచ్చి పిలిచింది.

"ఓసి గుంటా! బేగి రాయే. ఈ సివర నీదే. జీపులొత్తన్నాయి."

పాప గడప దగ్గర నిలబడింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేను అడుక్కోను," అంది.

మా మాటలో కాదు. పట్నం మాటలో, ఒక్క అక్షరం పొల్లు పోకుండా.

అత్త నా వైపు తిరిగింది. "ఏటంటన్నాదే అది?"

"ఒంట్లో బాగోలేదంట అత్తా," అన్నాను. ఆవిడ వయసులో ఆవిడకి ఆ మాట నేర్పే ఓపిక నాకు లేదు. పాప లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆ చివర నేను పట్టుకున్నాను. మలుపు తిరిగి ఒక కారు వచ్చింది, అరకు చూడ్డానికొచ్చిన పట్నం కారు. మావాళ్ళు పాట ఎత్తుకున్నారు. వెనక సీటులోంచి ఒకావిడ గొంతు వినిపించింది. "పాపం, ఏదో ఒకటి ఇచ్చేసి పోనివ్వండి." డ్రైవరు కిటికీలోంచి నోటు చాపాడు.

నేను తీసుకోలేదు. బొంగూ ఎత్తలేదు.

"ఓలమ్మా, ఇచ్చినాడు గదే, ఒదిలెయ్యి," అంది అత్త. పాట ఆగిపోయింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యడం లేదు.

"దిగమను," అన్నాను డ్రైవరుతో. "ముందు దిగి నిలబడమను ఆవిణ్ణి."