రైలు పట్టా మోత

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నవ్వే. కరెంటు స్తంభాలెక్కే పనిలో బతికినవాణ్ణి నేను. ఆ పనిలో ప్రాణం పోయినవాళ్ళను ఇద్దర్ని ఈ చేతులతోనే కిందికి దించాను. ఒక్కడూ తిరిగొచ్చి నాకు కనపడలేదు. ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే "చాల్లే పోప్పా" అని లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు నేనే చెప్పాల్సి వచ్చింది. కట్టుకథ అనుకుంటే అనుకోండి, నాకేం నష్టం లేదు.

కర్నూలు జిల్లా పడమటి వైపు, కోసిగి దారిలో ఉంది మా ఊరు. ఇది ఏభైల చివర్లో సంగతి. అంతకు ముందు మాకు కరెంటంటే ఒక ఆయిలింజను. ఊరికి తూర్పున రేకుల షెడ్డులో అది డబడబా మోగుతుంటే నాలుగు వీధుల్లో దీపాలు వెలిగేవి. తర్వాత తుంగభద్ర డ్యాము కరెంటు వచ్చింది, ఇంజను మూలన పడింది.

ఇంజను ఉన్న రోజుల్లో షెడ్డు ముందు ఒక రైలు పట్టా ముక్క వేలాడుతుండేది. తీగల్లోకి కరెంటు వదిలే ముందు డ్రైవరు హుసేన్ సాబ్ దాన్ని సమ్మెటతో మూడు దెబ్బలు కొట్టేవాడు. ఆ మోత వింటే స్తంభం మీద ఎవరున్నా దిగిపోవాలి. ఆయన తీరిగ్గా ఒక బీడీ కాల్చి, అప్పుడు స్విచ్చి వేసేవాడు. డ్యాము కరెంటు వచ్చిన ఏడాదికే ఆయన కాలం చేశాడు.

నాతో పనిచేసే మద్దిలేటన్న అంతకు ముందు పదేళ్ళు ఆ ఇంజను పక్కన ఉన్న మనిషి. ఆ చప్పుడుకే చెవులు పోయాయి. చెవిలో నోరు పెట్టి అరిచినా సగం మాట ఎక్కేది కాదు. అందుకని ఆయన స్తంభమెక్కితే నడుముకు ఒక తాడు కట్టుకునేవాడు. కింద నుంచి నేను తాడు లాగితే దిగాలని గుర్తు.

హుసేన్ సాబ్ పోయిన మరుసటి ఏడు మార్గశిరంలో తుఫాను పట్టింది. వాన మొహం చూడని మా సీమలో మూడు రోజులు ముసురు, ఎముకలు కొరికే చలిగాలి. మందల్లో గొర్రెలు నిలబడ్డవి నిలబడ్డట్టే బిగుసుకుపోయాయి. డ్యాము లైను ఎక్కడో తెగి ఊరంతా చీకటైంది. మూడో రోజు మధ్యాహ్నం, ఊరికి పడమటి కొసన తెగిన తీగ కట్టడానికి మేమిద్దరం పోయాం.

మా పనిలో ఫ్యూజులు పీకినవాడు వాటిని తన జేబులోనే ఉంచుకోవాలి. పైకెక్కిన మనిషి దిగేదాకా ఇంకెవరి చేతికీ ఇవ్వకూడదు. డ్యాము కరెంటు దిగే చోట ఫ్యూజులు పీకి నేను జేబులో వేసుకున్నాను. ఆ తర్వాత, ఎటు నుంచి కరెంటొచ్చినా మనిషికి తగలకుండా నేలలోకి పోయేలా తీగలను గొలుసుతో నేలకు కలపాలి. చేతులు కొంకర్లు పోతున్నాయి. ఎట్లాగూ చచ్చిన లైనే కదా అని గొలుసు వేయకుండానే అన్నను ఎక్కమని సైగ చేశాను. తూర్పున ఆ పాత ఇంజను ఇంకా ఉందని, అది కూడా ఇవే తీగలకు కలిసి ఉందని నా పాడు బుర్రకు తట్టనే లేదు.

ఆయన పైకి పోయి, వేలాడుతున్న తీగ కోసం చెయ్యి చాచాడు. ఇంకా జానెడు దూరం ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయి తూర్పు వైపు తల తిప్పాడు. ఆ వెంటనే గబగబా జారుకుంటూ దిగేశాడు. నేను తాడు లాగలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఏమొచ్చిందని చేతులూపాను.

"పట్టా కొడ్తాండారు గదప్పా! నీకు ఇనపడల్యా?" అన్నాడు.

మా ఇంట్లో నావి పాము చెవులంటారు. నాకు గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. ఈ చెవిటి మనిషికి వినపడిందట అని నవ్వొచ్చింది.

ఆ నవ్వు నోట్లో ఉండగానే తీగ కొస తడిసిన తుమ్మకొమ్మకు తగిలి చటచటా నిప్పులు రాలాయి. పక్క స్తంభానికున్న బల్బు ఎర్రగా వెలిగింది. ఓరి దేవుడా! బురదలోనే కూలబడ్డాను. జేబు తడుముకున్నాను. ఫ్యూజులు జేబులోనే ఉన్నాయి.

ఇద్దరం షెడ్డుకు పరిగెత్తాం. మైలున్నర దూరం. ఆసుపత్రికైనా దీపాలుండాలని కొత్త ఆపరేటరు పాత ఇంజను తిప్పాడు. మేం లైను మీద ఉన్నట్టు అతనికి తెలియదు.

"పట్టా కొట్టిందెవరు?" అని భుజాలు పట్టుకుని కుదిపాను.

"ఏం పట్టాన్నా? ఈడ యాడుండాది పట్టా?" అన్నాడు బిత్తరపోయి.

బయటికొచ్చి చూస్తే దూలానికి ఉత్త కొక్కెం ఉంది. పట్టాను ఎప్పుడో దించి కమ్మరి కొలిమికి ఇచ్చేశారట. ఇంకెవరైనా ఇనుము మోగించారేమోనని రెండు రోజులు ఊరంతా అడిగాను. ఆ వానలో ఇల్లు కదిలినవాడే లేడు. మద్దిలేటన్న మాత్రం ఒకటే మాట, "మూడు దెబ్బలప్పా. హుసేన్ సాబ్ చెయ్యే అది. నాకు తెల్దా?"

వారం తర్వాత ఆయన ఇంటికి పోయాను. ఆయన భార్య జొన్నరొట్టె పెట్టింది. ముగ్గురు పిల్లలు ఆయన వీపు మీద ఎక్కి దిగుతున్నారు. రొట్టె సగంలోనే పక్కన పెట్టి లేచాను. ఆయన్ను ఊరి బయటికి, ఎవరూ లేని కంది చేను గట్టుకు తీసుకుపోయాను. చెవికి నోరు ఆనించి, "తప్పు నాదన్నా. గొలుసు నేను ఎయ్యలేదు. నిన్ను సంపుకునేవాణ్ణి నేను" అని గొంతు పగిలేలా అరిచాను.

ఆయన నవ్వాడు. "ఏమంటివప్పా? ఇంగా జోరుగా చెప్పు" అన్నాడు.

రెండోసారి చెప్పే ధైర్యం నాకు రాలేదు. ఏం లేదని చెయ్యి ఊపాను. ఆయన పోయేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మైలున్నర అవతల లేని పట్టా మోత విన్న ఆ చెవికి, ఆనుకుని నేను పెట్టిన కేక ఎందుకు ఎక్కలేదో నాకు ఈ రోజుకూ తెలియదు.