జర్మన్ ఊరి మేక

ఆ రోజుల్లో ఇంగ్లిషు నాలుగు ముక్కలు వస్తే చాలు, అన్నీ వచ్చినట్టే లెక్క. పాశమైలారంలో మా ఫ్యాక్టరీకి జర్మనీ నుంచి కొత్త మిషను వచ్చినప్పుడు, దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరుకు (మావాళ్లు అప్పటికే 'జర్మన్ మామ' అని పేరు పెట్టేశారు) దుబాసీగా ట్రైనీనైన నన్ను అంటగట్టారు. ఇంకా పర్మనెంట్ కాలేదు కాబట్టి కాదనే ధైర్యం నాకు లేదు. మిషను ముందు ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. అది తయారైన ఊరి చిహ్నమట. కింద నీటి అలలు, పైన గడ్డమున్న మేక.

దసరా వచ్చింది. ఆయుధపూజకు యాట కోయాలని మావాళ్లు (మా దగ్గర మేకపోతైనా గొర్రెపోతైనా యాటే), గుమ్మడికాయతో సరిపెట్టాలని మేనేజర్ గారు. ఆయనది కోస్తా, శుద్ధ శాకాహారం, కారమంతా మాటలోనే. పూజ రోజు పొద్దున మిషనుకు పసుపు కుంకుమలు పెడుతూ మా ఫోర్‌మన్ కాక ఆ బిళ్ళ దగ్గర ఆగి, "గీ బొమ్మకు అర్థమేందో మామను జెర అడుగు బిడ్డా" అన్నాడు. అడిగాను. జర్మన్ మామ సంబరంగా చెప్పాడు: ఒకప్పుడు ఆ ఊరివాళ్లు వాగు నీళ్లు వాడుకున్నందుకు పై ఊరికి ఏటా ఒక మేకను ఇచ్చుకునేవారట, దానికి పూలదండ వేసి ఊరేగించి మరీ!

ఈ ముక్క తెలుగులో చెబితే గుమ్మడికాయ పని అయిపోయినట్టే, దాంతోపాటు నా ఉద్యోగం కూడా. పక్కనే ఉన్న మేనేజర్ గారికి నాకంటే బాగా ఇంగ్లిషు వచ్చు. అంతా విని, "జాగ్రత్తగా చెప్పవయ్యా" అన్నారు మెల్లగా.

"అది జింక, కాకా. వాగుల నీళ్లు తాగనీకి వచ్చిందంట" అన్నాను.

"జింకకు గడ్డముంటదా?"

"జర్మనీ జింకకు ఉంటది."

అందరూ బిళ్ళను చూశారు, నన్ను చూశారు. నాకు మాట దొరకలేదనుకున్న జర్మన్ మామ, పాపం, సాయం చేయబోయి, రెండు వేళ్లు తలమీద కొమ్ముల్లా పెట్టుకుని షెడ్డు మారుమోగేలా "మే...ఏఏ" అని అరిచాడు.

"సూసినవా! ఆళ్లకు గూడ యాట రివాజే!" అని కాక గంతేశాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి మేనేజర్ గారు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. చివరికి కళ్లు తుడుచుకుని, "సరేలే. మిషనుకి గుమ్మడికాయ, మీకు యాట. వంట మాత్రం గేటు బయట" అన్నారు. ఆ మధ్యాహ్నం జర్మన్ మామ కారానికి కన్నీళ్లు పెట్టుకుంటూనే మారు వడ్డించుకున్నాడు. పెరుగన్నం తింటున్న మేనేజర్ గారు నన్ను పిలిచి, "నీ ఉద్యోగానికి ఢోకా లేదులేవయ్యా. దుబాసీగా మాత్రం నువ్వు పనికిరావు" అన్నారు.

ఇప్పుడు నా కింద ట్రైనీలు పనిచేస్తున్నారు. వాళ్లలో ఎవరైనా జవాబు చెప్పేముందు నా ముఖం వంక చూస్తే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. "ముందు నిజం చెప్పు నాయనా, కోపం సంగతి తర్వాత చూద్దాం" అంటాను. వాళ్లు నమ్మరు. ఆ వయసులో నేనూ నమ్మేవాణ్ని కాదు.