కౌన్సిల్ హాల్లో చెడుగుడు కూత

ఈ రోజు మధ్యాహ్నం మున్సిపల్ ఆఫీసులో పెద్ద తమాషా జరిగింది. మేం రోజూ చెడుగుడు ఆడే మైదానాన్ని మిరపకాయలు ఆరబోసుకోవడానికి ఒక వ్యాపారికి లీజుకిద్దామని కౌన్సిలు మీటింగు పెట్టింది. మిరపకాయలకు ఎండ కావాలి, నిజమే. మాకు గాలి అక్కర్లేదా? పైగా ఆ పెద్దమనిషి తన సరుకు ఎంత మేలైనదో చూపించడానికి, మచ్చుకని దోసెడు ఎండుమిరపకాయలు తెచ్చి బల్ల మీద పోశాడు.

"మూణ్ణెల్లేగా! కుర్రాళ్లు ఓ పక్కన ఆడుకుంటార్లే," అన్నారు చైర్మన్ గారు. ఆయనా ఒకప్పుడు ఆ మైదానంలో ఆడినవారే.

మా జట్టు నాయకుడు మస్తాన్ జట్కా తోలుతాడు. అతను లేచి వెళ్లి ఆ కాయల్ని రెండు చేతులా నలిపేశాడు.

"చైర్మన్ గారూ, ఈ ఘాటులో ఒక్క కూత పెట్టండి. దగ్గకుండా నిలిపారా, మైదానం ఇచ్చేసుకోండి. మేం నోరెత్తం."

చైర్మన్ గారికి పౌరుషం వచ్చింది. కండువా తీసి పక్కన పెట్టి, "చెడుగుడు, చెడు..." అన్నారు. అంతే, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆయన వెనకే కౌన్సిలర్లు, గుమాస్తా, చివరికి ఆ వ్యాపారి కూడా దగ్గారు! విషయం రేపటికి వాయిదా పడింది.

సాయంత్రం మేం మైదానంలో సున్నంతో కొత్త గీతలు గీసి వచ్చాం. ఈ కాగితం లైబ్రరీ గోడకు అంటిస్తున్నాను. రేపటి మీటింగుకు మీరూ వస్తారా? మాట్లాడటం రాకపోయినా ఫరవాలేదు. ఇంట్లోంచి నాలుగు ఎండుమిరపకాయలు జేబులో వేసుకు రండి.