డిగ్రీ గుర్తుకు వదిలిన ఖాళీ

మొన్న నాకు జ్వరం వస్తే, ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో కోడలు డాక్టరుకు ఆ సంగతి ఫోన్లో రాసి పంపుతూ, నూటొకటి అంకె పక్కన పైన చిన్న సున్నాలా ఉండే డిగ్రీ గుర్తును కనురెప్పపాటులో పెట్టేసి తన పనికి తాను వెళ్ళిపోయింది. మంచం మీదున్న నేను మాత్రం ఆ గుర్తు దగ్గరే ఆగిపోయాను. టైపు మిషన్ల మీద వేళ్ళు అరగదీసుకున్న మా ఈడు వాళ్ళకు తప్ప ఇందులో ఏముందని మరొకరికి అనిపించడం సహజమే.

భద్రాచలంలో నీళ్ళు పరీక్షించే ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో నేను టైపిస్టుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. సారపాక వైపు వెదురు లారీల మీద కూలికి పోయే మా నాన్న నడుము పడిపోయి మంచాన పడ్డాడు, తమ్ముళ్ళిద్దరూ చదువుకుంటున్నారు, ఇల్లు నా జీతం మీదే నడవాలి. గోదావరి పొంగి తగ్గిందంటే మాకు పనే పని. ఊళ్ళవాళ్ళు బావుల నీళ్ళు సీసాల్లో నింపి, ఊరి పేరు చీటీ అంటించి, బస్సు డ్రైవర్ల చేతికిచ్చి పంపేవాళ్ళు. అడవి లోపలి ఊళ్ళ నుంచి వచ్చే సీసాలకు బురద వాసన కూడా వెంట వచ్చేది.

అక్కడ అప్పటికే పెద్ద టైపిస్టు ఒకాయన ఉండేవారు. ఖమ్మం ముస్లిం కుటుంబం, రిటైరు కావడానికి రెండేళ్ళుంది, ఆఫీసంతా ఆయన్ను చాచా అనే పిలిచేది. పొద్దున రాగానే మిషన్లోని దుమ్మును నోటితో ఊదనిదే కుర్చీలో కూర్చునేవారు కాదు. మిషను మీద లేని గుర్తులను పుట్టించడంలో ఆయనకు సాటి లేదు. రోలరు సగం మెట్టు తిప్పి చిన్న ‘ఓ’ కొడితే డిగ్రీ, ప్లస్ కొట్టి ఒక గడి వెనక్కొచ్చి కింద గీత కొడితే ప్లస్ ఆర్ మైనస్. ఏ కిటుకుకూ లొంగని గుర్తుకు అంత మేర ఖాళీ వదిలేసి, కాగితం బయటికి తీశాక సన్నపాళీ పెన్నుతో దిద్దేవారు. ఏది మిషను కొట్టిందో, ఏది చేత్తో రాసిందో నాకే తెలిసేది కాదు.

అంతలో కంప్యూటరు వచ్చింది. నెల రోజులు చూసి, ఇద్దరిలో ఒకరినే ఉంచుతానని మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఖమ్మంలో కోర్సు చేసి వచ్చినదాన్ని కాబట్టి నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. కోర్సులో నేర్పింది అక్షరాలు, అంకెలే. కీబోర్డంతా వెతికినా డిగ్రీ గుర్తు కనిపించలేదు, అడిగితే నీకు రాదా అంటారేమోనని భయం. అందుకని పాత అలవాటు ప్రకారం ఖాళీలు వదిలి ప్రింటు తీసేదాన్ని, చాచా పెన్నుతో నింపేవారు. “కంప్యూటరొచ్చినా నా పెన్నుకు పని తప్పలే గదా బిడ్డా” అని నవ్వేవారు. కుర్చీ కోసం పోటీ పడాల్సిన ఇద్దరం అలా ఒకే కాగితం మీద పని చేశాం.

నెలాఖరుకు ముందు, మా రిపోర్టులు వెళ్ళే ఖమ్మం పెద్దాఫీసు వాళ్ళు కాగితాలు చాలు, ఇకపై ఫ్లాపీలో పంపమన్నారు. పంపాను. చాచా దిద్దింది కాగితం మీదే గానీ ఫ్లాపీలో కాదన్న చిన్న విషయం నా మట్టి బుర్రకు తట్టలేదు. నవ్వుకోండి, నవ్వాల్సిందే. అంకెల నడుమ గుర్తులు లేవు, ఐదుకూ రెండుకూ మధ్య ఏముందో తెలియదు, నలభై ఊళ్ళ రిపోర్టులు వెనక్కొచ్చాయి. ఆ బావుల నీళ్ళు తాగొచ్చో లేదో చెప్పడం ఇంకో వారం ఆగిపోయింది.

మేనేజరు ఇద్దరినీ పిలిచి, ఇది ఎవరు చేశారని అడిగాడు. నోరు తెరిచాను, మంచంలో ఉన్న నాన్న కళ్ళ ముందు మెదిలాడు. పక్కన నిలబడ్డ చాచా, “నేనే జేసిన సార్. బిడ్డ తప్పేం లేదు. గీ కంప్యూటరు నాకు ఒంటబట్టలే” అన్నారు. ఆఫీసులో ఆ కీబోర్డును ఆయన ఒక్కసారైనా ముట్టుకోలేదు. మేనేజరుకు అనుమానం వచ్చిందో లేదో నాకు తెలియదు, అతనికి కావలసింది ఒక పేరు, అది దొరికింది. ఆ క్షణాన నాకు బాధ కంటే ముందు ఊరట కలిగిందని ఇన్నేళ్ళకైనా ఒప్పుకోవాలి.

కుర్చీ నాకు వదిలి వెళ్ళేరోజు చాచా నా బల్ల మీద మడిచిన కాగితం ఒకటి పెట్టారు. ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని, కుడివైపు అంకెలతో 0176 కొడితే డిగ్రీ, 0177 కొడితే ప్లస్ ఆర్ మైనస్, ఇలా రెండు వైపులా ఆయన ముత్యాల్లాంటి రాత. ఎవరినో అడిగి రాసుకొచ్చారనుకున్నాను. ఆ కాగితంతోనే నేను అక్కడ పర్మనెంటయ్యాను, తమ్ముళ్ళు చదువుకున్నారు.

చాలా ఏళ్ళకు, చాచా పోయిన తర్వాత, ఖమ్మంలో ఒక పెళ్ళిలో ఆయన కూతురు కలిసింది. కంప్యూటరు వచ్చిన ఆ నెలలో ప్రతి శుక్రవారం నమాజు కాగానే ఆయన భద్రాచలంలోనే ఒక కంప్యూటరు షాపుకు పోయి కూర్చునేవారట. “గా గుర్తులన్నీ జల్దీ నేర్సుకుంటే నౌకరీ నిలుస్తదని పట్టుబట్టి నేర్సుకున్నడక్కా. అన్నీ వచ్చినయి. మరి ఎందుకు ఇడిసిపెట్టి వచ్చిండో మాకిప్పటికీ సమజ్ కాలే” అంది.

ఇప్పుడు ఏ గుర్తు కావాలన్నా ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరి పక్కనా కూర్చోనక్కర్లేదు, పని మాత్రం జల్దీగా అయిపోతుంది. మంచిదే, కాదనను. కానీ ఒకరు వదిలిన ఖాళీని పక్కవాళ్ళు నింపే ఆఫీసులు ఇక రావని తలుచుకుంటే దిగులేస్తుంది. ఆ రోజు పెళ్ళిలో ఆమె నా జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. తప్పు నాదేనని చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. మీ నాన్న చాలా మంచివారమ్మా అని మాత్రం అని, భోజనాల వైపు నడిచాను.