కల్లం జాగ్రత్త

హెలికాప్టర్ అంటే మా ఊళ్ళో అందరికీ సరదా, నాకు భయం. ఇరవై రెండేళ్ళు వాటి కింద దూరి, పైకెక్కి, నట్లు బిగించి, గ్రీజు పూసి బతికినవాణ్ణి. ఎక్కి ఒక చుట్టు తిరిగి రమ్మంటే మాత్రం ఈరోజుకీ ఏదో ఒక వంక పెడతాను. "ఏం బావా, నువ్వు బాగుచేసినదాన్ని నువ్వే నమ్మవా?" అని మా బావమరిది ఎగతాళి చేస్తాడు. నమ్మను. లోపల ఎన్ని భాగాలున్నాయో, వాటిలో ఏది మొరాయిస్తే ఏమవుతుందో తెలిసినవాడు నమ్మకూడదు కూడా.

మొన్నటి ఎన్నికల వేసవిలో, సత్తెనపల్లికి కాస్త ఇవతల ఉన్న మా ఊరి పొలంలో, దిగుతున్న హెలికాప్టర్ గాలికి మా అమ్మ పోతుందేమోనని, లేదంటే మా అమ్మ కూర్చున్న పట్టా లేచి హెలికాప్టర్లో ఉన్న నలుగురూ పోతారేమోనని ఒక నిమిషం పాటు నిలబడి చూశాను. పట్టా అంటే మిరపకాయల మీద కప్పే ప్లాస్టిక్ గుడ్డ. తప్పు ఎవరిదో ముందే చెప్పేస్తాను. నాది.

సైన్యంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అప్పజెప్పింది ఒంటి ఇంజను హెలికాప్టర్. ముందంతా గాజు, పైన మూడు రెక్కలు, వెనక తూనీగ తోకలాంటి సన్నటి తోక. అందులోనే కాస్త పెద్దది ఇంకోటి ఉండేది. ఎవరో బుద్ధిమంతుడు ఆ పెద్దదాని ఇంజను తెచ్చి చిన్నదాని ఒంట్లో పెట్టాడట. ఒళ్ళు తేలిక, బలం ఎక్కువ కావడంతో మిగతావి ఎగరలేని మంచుకొండల మీదకి అది ఎగిరిపోయేది. ఆ తర్వాతి తరానికి రెండు ఇంజన్లు, నాలుగు రెక్కలు వచ్చాయి. ఒకటి ఆగినా రెండోది ఉందన్న ధైర్యం నడిపేవాళ్ళకి వచ్చింది. నాకు మాత్రం చూడాల్సిన ఇంజన్లు రెండయ్యాయి, భయమూ రెండింతలైంది.

ఈ చిన్న హెలికాప్టర్లు చెయ్యని పని లేదు. కొండ మీద కాపలా ఉన్నవాళ్ళకి గోధుమపిండి, కిరసనాయిలు మోసేవి. కాలు విరిగినవాణ్ణి కిందకి దించేవి. వరదలప్పుడు మిద్దెల మీద అన్నం పొట్లాలు వేసేవి. జాతీయ పండగలకి పూలు చల్లేవి. ఏ పని మీద వెళ్ళినా, వెళ్ళేముందు కాగితం మీద నా సంతకం పడేది. అది తిరిగి వచ్చి రెక్కలు ఆగేదాకా నాకు అన్నం సయించేది కాదు. మావాళ్ళు టీ తాగుతూ పేకాడుకుంటుంటే నేను బయట నిలబడి చెవి రిక్కించి ఉండేవాణ్ణి. నన్ను చూసి నవ్వేవాళ్ళు, నవ్వనీ అనుకునేవాణ్ణి.

రిటైరయ్యాక ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను. ఎన్నికల్లో నాయకులకి హెలికాప్టర్లు అద్దెకిస్తారు. అది గాల్లో వస్తుంది, నేను దానికన్నా ముందు జీపులో వెళ్ళి దిగే చోటు సిద్ధం చేయిస్తాను. నేల చదును చేయించడం, సున్నంతో పెద్ద వలయం గీయించి మధ్యలో గుర్తు వేయించడం, దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్ళు కొట్టించడం నా పని. వీటన్నిటికన్నా ముఖ్యం, చుట్టుపక్కల తేలికపాటి వస్తువు ఏదీ లేకుండా చూడటం. రెక్కల గాలి నేలకి కొట్టుకుని పక్కలకి పోతుంది, పోయి మళ్ళీ పైకి లేస్తుంది. దానితోపాటు ఒక్క గోనెసంచి లేచి రెక్కలకి చుట్టుకుందంటే ఇక చెప్పేదేమీ ఉండదు. అందుకే ఎక్కడికెళ్ళినా నా కళ్ళు ఆకాశం వైపు కాదు, నేల మీద ఉంటాయి.

మా ఊరి సభకి ముందురోజు నేను కనిగిరిలో ఉన్నాను. అక్కడి మెట్ట నేలలో పని సుళువుగానే అయింది. అక్కణ్ణించే మా ఊళ్ళో ఏర్పాట్లు చూస్తున్న కుర్రనాయకుడికి ఫోన్ చేశాను. హెలికాప్టర్ దిగబోయేది పత్తికట్టె పీకేసిన చేను. దాని పక్కనే బండ్లు పోయే డొంక, డొంక దాటితే మిరప కల్లాలు. కోసిన కాయని ఎండబెట్టేది అక్కడే.

"ఆ కల్లాలన్నీ జాగ్రత్త చేయించు తమ్ముడూ. మర్చిపోకు," అన్నాను.

"నువ్వు మనూరోడివి, నువ్వు చెప్తే చెయ్యకుండా ఉంటామా అన్నా! నే చూసుకుంటాగా," అన్నాడు.

నా లెక్కలో జాగ్రత్త చెయ్యడమంటే పట్టాలూ గోతాలూ అన్నీ తీసేసి దూరంగా పెట్టించడం. రెండు దశాబ్దాలుగా ఆ మాటని నేను అలాగే వాడుతున్నాను. దానికి ఇంకో అర్థం ఉంటుందని నాకు తట్టనే లేదు.

మర్నాడు పదింటికి ఊళ్ళోకి దిగాను. ఎండ అప్పుడే మాడ్చేస్తోంది. చేను చూశాను, సున్నం చూశాను, నీళ్ళు చాల్లేదని ట్యాంకరువాడి మీద కేకలేశాను. డొంక అవతల కల్లాల్లో కాయ ఎర్రగా పరిచి ఉంది. ఎక్కడా పట్టా కనపడలేదు. కుర్రాడు మాట నిలబెట్టుకున్నాడనుకుని తృప్తిపడ్డాను. నా పాపిష్టి కళ్ళు డొంక పక్క వేపచెట్టు కింద ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కులోకి తొంగిచూడలేదు. పట్టాలన్నీ అందులోనే మడతపెట్టి ఉన్నాయి.

ఆ కల్లాల్లో తెల్లబోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. కూలికి వెళ్ళొద్దని నేను చెప్పడం, ఆవిడ సరేననడం, నేను అటు వెళ్ళగానే కొంగు నడుముకి దోపుకుని కల్లంలోకి పోవడం ఎప్పుడూ జరిగేదే. నన్ను చూసి దూరం నుంచే చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. దగ్గరికి వెళ్ళి రెండు మాటలు మాట్లాడి ఉంటే అన్నీ తెలిసేవి. పనైపోయాక ఎలాగూ ఇంటికి భోజనానికి వెళ్తానుగా అనుకున్నాను.

పన్నెండు దాటాక మోత వినపడింది. గుంటూరు వైపు నుంచి చిన్న చుక్క పెద్దదవుతూ వచ్చింది. జనం ఈలలు, కేకలు. నేను వలయం అంచున నిలబడి పైలట్‌కి కనపడేలా చేతులెత్తాను. అప్పుడు డొంక అవతల నుంచి ఒక ఆడగొంతు గట్టిగా వినపడింది.

"వచ్చేస్తంది, వచ్చేస్తంది! లాగండే, కప్పండి!"

ట్రక్కులోంచి పట్టాలు దిగుతున్నాయి. నలుపువి, నీలంవి, ఒక్కొక్కటి ఇల్లు కప్పేంత పెద్దవి. ఇద్దరిద్దరు చెరో కొస పట్టుకుని కల్లాల మీదుగా పరిగెడుతున్నారు.

నా పక్కనే ఉన్న కుర్రనాయకుడు నా చెవిలో అరిచాడు. "చూశావా అన్నా! ఎండున్నంతసేపూ కాయ ఆరాలని ఇందాకటిదాకా ఆగాం. నువ్వు చెప్పినట్టే జాగ్రత్త చేయిస్తన్నా!"

అప్పుడు తెలిసింది. మా ఊళ్ళో కల్లం జాగ్రత్త చెయ్యడమంటే ఒకటే అర్థం. మబ్బు పట్టినా, గాలి లేచినా పట్టా కప్పి అంచుల మీద రాళ్ళు పెట్టడం. నేను పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట అదే అర్థంతో విన్నాను. చిన్నప్పుడు వాన మబ్బు చూసి నేనే ఎన్నిసార్లు పరిగెత్తి కప్పానో! అదే మాటని నా నోటితో నేనే అని, అర్థం మర్చిపోయాను.

హెలికాప్టర్ అప్పటికే బాగా కిందకి వచ్చింది. గాలి మొదలైంది. రాళ్ళు పెట్టే వ్యవధి లేదు. పట్టాలు ఉబ్బడం, టపటపా కొట్టుకోవడం చూసి ఆడవాళ్ళు వాటిని వదిలేసి మొహాలకి కొంగులు కప్పుకుని పరిగెత్తారు. ఒక్క మనిషి పరిగెత్తలేదు. నీలం పట్టా మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు చేతుల్తో దాన్ని గుప్పిట పట్టి ఉంది. ఆ తెల్లజుట్టు ఎవరిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆమె లేస్తే పట్టా లేస్తుంది, రెక్కల్లోకి పోతుంది. అందులో నలుగురున్నారు, కింద వందల మంది జనం. ఆమె లేవకపోతే, గాలి పట్టా కిందకి దూరితే ఆమెని కూడా ఎత్తి పడేస్తుంది. లేవకూడదు అనుకున్నాను. లేచి పారిపో అమ్మా అనుకున్నాను. రెండూ ఒకేసారి, రెండూ మనసారా కోరుకున్నాను. ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు.

పైకి పొమ్మని సైగ చెయ్యడం కూడా తేలిక కాదు. ఎండ మండేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజను బలం చాలదు. చిన్న హెలికాప్టర్, నిండా మనుషులు, దాదాపు నేల దాకా వచ్చేసింది. ఇప్పుడు మళ్ళీ లేవమంటే లేస్తుందా? ఇరవై రెండేళ్ళలో దిగుతున్నదాన్ని నేను ఒక్కసారీ వెనక్కి పంపలేదు. రెండు చేతులూ తల మీదకెత్తి అడ్డంగా ఊపాను. రేడియోలో "ఎత్తండి సార్, ఎత్తండి, దిగొద్దు!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు.

అది అక్కడే వేలాడింది. ఎంతసేపో చెప్పలేను. ఇంజను మోత మారింది, ఆ మోతలో బరువు ఈడ్చలేక ఈడ్చడం నాకు తెలుస్తోంది. ముక్కు కాస్త వంచి, నెమ్మదిగా ముందుకి జరిగి, లేచింది. లేస్తున్నప్పుడే పక్క కల్లం మీది నల్లపట్టా ఊడి తాటిచెట్టంత ఎత్తుకి ఎగిరింది. హెలికాప్టర్ తోక కిందుగా పోయి చేలో పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి హెలికాప్టర్ చిన్నదైపోతోంది.

తర్వాత కాసేపు ఎవరికీ ఎవరూ కనపడలేదు. గాలంతా కారం. పోలీసులు, కార్యకర్తలు, పూలదండలు పట్టుకున్న పెద్దమనుషులు అందరూ కళ్ళ నీళ్ళు పెట్టుకుని తుమ్ముతున్నారు. "ఎవడ్రా వెనక్కి పంపింది?" అని ఒకాయన దగ్గుల మధ్య తిడుతున్నాడు. నాయకుడు సత్తెనపల్లిలో దిగి కారులో వస్తారట అని ఇంకెవరో అరిచారు. నేను డొంక దాటి పరిగెత్తాను.

అమ్మ అలాగే కూర్చుని ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. గుప్పిళ్ళు ఇంకా విప్పలేదు.

"ఎవరూ?" అంది.

"నేనే."

"పోయిందా?"

"పోయింది."

"కాయ నిలిచిందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమన్నా పిచ్చా? అందరూ పరిగెత్తారుగా! కాయ మనదేనా? చచ్చేదానివి!" అని అందరి ముందూ అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. అది కారం వల్లే అనుకుని ఉంటారు.

"అరుస్తావేందిరా," అంది కళ్ళు మూసుకునే. "కల్లాలు జాగ్రత్త చెయ్యమని ఆ కుర్రాడితో నువ్వేగా చెప్పింది. వాళ్ళందరూ లేచిపోయారు. నేను కూడా లేస్తే నీ మాట ఏంగాను?"

క్యాన్‌లో నీళ్ళు తెచ్చి కళ్ళు కడిగాను. గుప్పిళ్ళు ఒక్కో వేలే విప్పాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం నాకు అన్నం పెడుతూ, చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు అందరికీ అమ్మ ఆ సంగతే గొప్పగా చెప్పుకుంది. వాళ్ళు వెళ్ళాక నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, తప్పు నాది. పట్టాలు తీసెయ్యమనాల్సింది. జాగ్రత్త చెయ్యమన్నాను. నేను వాగిన మాటకి నువ్వు చచ్చిపోయేదానివి, వాళ్ళూ పోయేవాళ్ళు."

నవ్వింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "ఊరుకోరా. నువ్వెందుకు తప్పు చెప్తావు? అన్నేళ్ళు వాటిల్లో పనిచేసినోడివి."

"నిజంగా తప్పే చెప్పానమ్మా. ఇంకోసారి అది వస్తే అన్నీ వదిలేసి దూరంగా పారిపో. నేను చెప్తున్నా."

"ఇప్పుడు నా మీద బెంగతో అంటన్నావు," అంది, నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేస్తూ. "ఉద్యోగంలో ఉండి చెప్పిందే అసలు మాట. ప్రభువు దయవల్ల మళ్ళీ వస్తే మళ్ళీ అట్టాగే కూచుంటా."

ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు. హెలికాప్టర్ గాల్లో ఆగి వేలాడినప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు.