అమల చేతి గాజులు

యాదలక్ష్మి నోరు పెద్దది. ఎల్బీనగర్‌లో ఆమె నర్సుగా చేసే నర్సింగ్ హోమ్‌లో కడుపుతో ఉన్న పిల్లలంతా డాక్టరమ్మ కంటే ఆమె కేకలకే ఎక్కువ భయపడేవాళ్ళు. అంత మనిషీ, ఇల్లుగలావిడ సూర్యప్రభ ఇంట్లో శుభకార్యమంటే మాత్రం నోట్లో మాట నోట్లోనే ఉంచుకునేది. మొగుడు సైదులు లారీ బోల్తాపడి పోయినప్పటినుంచి, పేరంటాలకు పోయి మాటపడే ఖర్మ నాకెందుకని తనే పక్కకు తప్పుకునేది.

సూర్యప్రభ వాళ్ళది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మేడ కట్టుకుని ఇరవై ఏళ్ళు. కింది గదిలో యాదలక్ష్మి కిరాయికి ఉండేది. సూర్యప్రభ చెడ్డదేం కాదు. పులుసు పెడితే గిన్నెడు కిందికి పంపేది. కోడలు అమల నెల తప్పిందన్న కబురు మొదట చెప్పింది కూడా యాదలక్ష్మికే.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న ఏడు. బస్సులు లేవు. అమలకు తొమ్మిదో నెల వచ్చినా, "బస్సులు తిరగనీ, అప్పుడు వెళ్దాంలే" అని డాక్టరుకు చూపించడం వాయిదా వేశారు. పిల్ల తలనొప్పంటే, పొద్దస్తమానం రోడ్డుమీద నినాదాలు, డప్పులు, తలనొప్పి రాకేం చేస్తుందన్నారు. సీమంతం మాత్రం వాయిదా పడలేదు. ముహూర్తం మించిపోతుందట! తెనాలి చుట్టాలు రాలేకపోవడంతో ముత్తయిదువలు నలుగురే తేలారు. ఐదో మనిషి కోసం వెనక వీధి నుంచి ముక్కూమొహం తెలియని ఒకావిడను పట్టుకొచ్చారు. కింద బట్టలారేస్తూ అదంతా చూసిన యాదలక్ష్మికి కడుపు మండింది.

"యాదక్కా, నువ్వూ రా" అని అమలే పైనుంచి పిలిస్తే, వెళ్ళి గుమ్మం అవతల నిలబడింది. లోపల పాట సాగుతోంది. పోయిన వారం కొలత చూసి తెచ్చిన గాజులు ఇవాళ అమల చేతికి ఎక్కడం లేదు. "పిల్ల ఒళ్ళు చేసిందమ్మా, అంతా మా వంట మహిమ" అని నవ్వుతూ సూర్యప్రభ ఆ చేతులకు సబ్బు నురగ రాసింది. అమల పళ్ళ బిగువున ఓర్చుకుంది. గాజులు ఎక్కాయి, అక్షింతలు పడ్డాయి.

యాదలక్ష్మికి ఆ పిల్ల కళ్ళ కింది ఉబ్బు కనబడింది. చెప్పాలా? చెబితే, శుభమా అని గాజులు తొడుగుతుంటే ముండమోపి గుమ్మంలో నిలబడి అపశకునం పలికిందంటారు. చెప్పకపోతే? పాట అయిపోయేదాకా గడప దగ్గరే నలిగిపోయింది. హారతి వెలిగించారు.

"అత్తయ్యా, దీపాలు రెండు పెట్టారా?" అంది అమల. దీపం ఒక్కటే ఉంది.

యాదలక్ష్మి గడప దాటింది. అమల కాలిమీద బొటనవేలితో నొక్కి తీస్తే, గుంట అట్లాగే ఉండిపోయింది. కిందికి పరుగెత్తి బీపీ మిషన్ తెచ్చింది. నూట డెబ్బై.

"గిది ఒళ్ళు చేసుడు కాదమ్మా, నీరు. ఫిట్స్ వస్తే తల్లి దక్కది, పిల్ల దక్కది. లెవ్వుండ్రి."

"హారతన్నా కానీ యాదమ్మా," అంది సూర్యప్రభ, మొహం మాడ్చుకుని.

"హారతి మళ్ళ ఇయ్యొచ్చు. మనిషిని మళ్ళ తేలేం."

ఆటో ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఆగిపోయింది. నడిరోడ్డు మీద సమ్మెవాళ్ళ వంటావార్పు. రాళ్ళ పొయ్యిమీద అన్నం ఉడుకుతోంది. తన యాస వింటే ఎక్కడ పోనివ్వరోనని సూర్యప్రభ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాదలక్ష్మి తల బయట పెట్టింది. "జర జరుగుండ్రి తమ్మీ, కడుపుతోటున్న పిల్ల, పాణం మీదికొచ్చింది." ఇద్దరు పిలగాండ్లు ఉడుకుతున్న గుండిగను ఎత్తి పక్కన పెట్టారు. మీది ఏ ఊరని ఎవరూ అడగలేదు.

నర్సింగ్ హోమ్‌లో ఫిట్స్ రాకుండా మందు ఎక్కించాలన్నారు. నరం దొరకడం లేదు. గాజులు బిగుసుకుని చెయ్యి నల్లబడుతోంది.

"పురుడయ్యేదాకా ఈ గాజులు తియ్యకూడదు యాదమ్మా. అందులోనూ..." అని ఆగిపోయింది సూర్యప్రభ.

ఆగిన మాట యాదలక్ష్మికి తెలుసు. "ఔ, నా చెయ్యి తొడగనీకి పనికిరాదు. తీయనీకన్నా పనికొస్తదేమో చూద్దం" అని, గాజుల కింద గుడ్డ దోపి ఒక్కొక్కటే పటుక్కున విరిచింది. సైదులు పోయిన పదో నాడు తన చేతుల మీద విన్న చప్పుడే అది. నిజంగానే తన చెయ్యి మంచిది కాదేమోనని మొదటిసారి భయపడింది. భయపడుతూనే చివరి గాజుదాకా విరిచి, నరం పట్టింది.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, రెండు కిలోలు కూడా లేదు. అద్దాల పెట్టెలో పెట్టారు. పురుడైనా అమల బీపీ దిగలేదు. గండం గడిచిందని డాక్టరమ్మ ఇంకా అనలేదు.

మూడో నాడు, కోడలి బోసి చేతులు చూడలేక సూర్యప్రభ రెండు ఆకుపచ్చ గాజులు తెచ్చింది. మంచం పక్కన కాసేపు తచ్చాడి, వాటిని యాదలక్ష్మి అరచేతిలో పెట్టింది.

"నువ్వే తొడుగు," అంది.

యాదలక్ష్మికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకరికి గాజులు తొడిగి ఎన్నేళ్ళయిందో. అమల చెయ్యి చాపింది. యాదలక్ష్మి ఆ మణికట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కి, తీసింది. గుంట అట్లాగే ఉంది.

"నీరింకా తగ్గలే బిడ్డా," అని గాజులు కోటు జేబులో వేసుకుంది. "తగ్గినంక నేనే తొడుగుతా." బీపీ మిషన్ కోసం చెయ్యి చాపింది.